ఇంటి ముందు వీధిలో చెట్టు పెంచడం ఎలా: గుంత తవ్విన రోజు నుంచి మూడో వేసవి దాకా

వానలు మొదలవగానే హైదరాబాద్ కాలనీల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తుంది: "ఇంటి ముందు ఏ మొక్క నాటమంటారు?" మార్చి వచ్చేసరికి అదే మనుషుల నుంచి ఇంకో ప్రశ్న: "నాటిన మొక్క ఎండిపోయింది, ఎందుకు?" రెండింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. గుంత తవ్వి మొక్క పెట్టడం ఒక పూటలో అయిపోతుంది. దాన్ని రెండు వేసవులు దాటించడం, ఆ తర్వాత దాని మొదట్లో సిమెంటు పడకుండా కాచుకోవడం అసలు పని. అందుకే నాటడం కంటే నాటిన తర్వాతి సంగతులే ఇందులో ఎక్కువ ఉంటాయి.

కావలసినవి

- ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తున్న మొక్క. రెండడుగుల మొక్కను వీధిలో మేకలూ ఆవులూ బతకనివ్వవు. ఇంటి ప్రహరీ లోపల నాటేటట్లయితే చిన్నదైనా పరవాలేదు.
- గడ్డపార, పార, తట్ట.
- ఎర్రమట్టి రెండు మూడు బస్తాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక బస్తా, వేపపిండి ఒక కిలో.
- ఎనిమిదడుగుల సరుగుడు లేదా వెదురు కర్రలు రెండు.
- కట్టడానికి పాత నూలుగుడ్డ పేలికలు లేదా సైకిల్ ట్యూబు ముక్కలు. బైండింగ్ వైరు, ప్లాస్టిక్ తాడు వద్దు.
- ట్రీ గార్డు, అంటే మొక్క చుట్టూ పెట్టే కంచె.
- ఇరవై లీటర్ల పాత మంచినీళ్ల క్యాన్లు రెండు.
- ఒక బస్తా ఎండుటాకులు.
- నీళ్లు పోసే మనిషి. "కాలనీవాళ్లమంతా చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరని అర్థం. ఒక్కో మొక్కకు ఒక్కో ఇంటి పేరు రాసిపెట్టుకోండి.

మొక్కలను కొననక్కరలేదు. 2015లో మొదలైన హరితహారం బదులు ఇప్పుడు జరుగుతున్న వనమహోత్సవం అనే ప్రభుత్వ మొక్కల కార్యక్రమం కింద వానాకాలంలో కార్పొరేషన్, అటవీ శాఖ నర్సరీల నుంచి మొక్కలు ఇస్తారు. కాలనీ సంఘం పేరుతో ముందే అడిగితే ఎత్తైనవి దొరికే అవకాశం ఎక్కువ. రోడ్డు పక్క స్థలం మనది కాదు కాబట్టి, ఎక్కడ నాటుతున్నదీ వార్డు కార్యాలయంలో ఒక కాగితం ఇచ్చి చెప్పండి. రేపు కాలువ కోసమో కేబుల్ కోసమో తవ్వకం వచ్చినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఎప్పుడు నాటాలి

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. తొలకరి పడిందని ఆ రోజే నాటేయకండి. ఒక వాన పడి తర్వాత పది పన్నెండు రోజులు ఎండ కాయడం మన ఊరికి మామూలే. నేల అడుగు లోతు తడిసేదాకా ఆగండి. ఆరుద్ర నుంచి పుష్యమి దాకా, అంటే జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా సరైన సమయం. సెప్టెంబరులో నాటినా బతుకుతుంది, కానీ వేర్లు పాకే వ్యవధి తగ్గిపోయి మొదటి వేసవికి నీళ్లు ఎక్కువ పోయాల్సి వస్తుంది. గృహప్రవేశమో పుట్టినరోజో ఏప్రిల్‌లో వచ్చిందనుకోండి, ఆ రోజు మొక్క తెచ్చి పెద్ద సంచిలోకి మార్చి నీడలో పెట్టండి. నాటడం ఆరుద్రలో.

1. చోటు చూడండి

ముందు తల పైకెత్తండి. కరెంటు తీగలుంటే ఆ వైపు ఇరవై అడుగులు దాటని చెట్టే నాటాలి. తీగలు రోడ్డుకు అవతలి పక్కన ఉంటే ఇవతల పెద్ద చెట్టు పెట్టవచ్చు. వీధిదీపానికి అడ్డం రాకూడదు, కరెంటు స్తంభానికి కనీసం పది అడుగుల దూరం ఉండాలి.

తర్వాత నేల చూడండి. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య గీత గీస్తే ఆ గీత వెంటే డ్రైనేజీ పైపు పోతోందని అర్థం. దాని మీద తవ్వకండి. మంచినీళ్ల మీటరు గుంత, వంటగ్యాసు పైపు గుర్తు రాళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. గ్యాసు పైపు ఉన్న వీధిలో గడ్డపార వేసే ముందు ఆ కంపెనీవాళ్లకు ఫోను చేసి అడగడం తప్పనిసరి. వీధి మలుపు దగ్గరైతే ఇరవై ఐదు అడుగులు వదలండి, లేదంటే వచ్చే బండి కనబడదు.

ప్రహరీ గోడకు చిన్న చెట్టయితే మూడడుగులు, మధ్యరకం చెట్టయితే ఐదారడుగుల దూరం. మన కాలనీల్లో ఇంత జాగా దొరకడమే కష్టమని తెలుసు. అయినా మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మట్టి కూడా లేని చోట చెట్టు నాటవద్దు. అక్కడ నాటిన చెట్టు పదేళ్లకు గోడనో రోడ్డునో లేపుతుంది, ఆ వంకతో దాన్ని నరికేస్తారు. అలాంటి చోట ప్రహరీ లోపల నాటి నీడ వీధిలోకి వచ్చేలా పెంచండి. అదీ కుదరకపోతే కాలనీ పార్కులో నాటండి.

ఎదురింటివాళ్లను తప్పకుండా అడగండి. గుమ్మానికి ఎదురుగా చెట్టుంటే ద్వారవేధ అనే వాస్తుదోషమని అభ్యంతరం చెప్పేవాళ్లు చాలామంది. వాదనకు దిగకుండా, రెండిళ్ల మధ్య గోడ కలిసే చోటికి ఎదురుగా నాటితే ఎవరి గుమ్మానికీ అడ్డం ఉండదు, కార్ల రాకపోకలకూ సులువు. ఇష్టం లేకుండా నాటిన చెట్టు మొదట్లో రాత్రికి రాత్రి యాసిడ్ పోసిన ఇళ్లున్నాయి. ముందే అడగడం మేలు.

2. ఏ చెట్టు

తీగలు లేని 40 అడుగుల రోడ్డుకు వేప, కానుగ. రెండూ ఎండకు, మొరం నేలకు తట్టుకుంటాయి. కానుగ ఆకుల మీద బుడిపెలు వస్తే భయపడకండి, అవి నల్లి అనే సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చేవి, చెట్టుకు ప్రాణాపాయం లేదు. 2021 నుంచి మన దగ్గర వానాకాలం చివర్లో వేప కొమ్మల చివళ్లు ఎండిపోతున్నాయి. శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు ఇది, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడవుతుంది. చెట్టు చచ్చిపోయిందని నరికించినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫిబ్రవరి, మార్చిలో చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. అందే ఎత్తులో ఉన్న ఎండు చివళ్లను కోసి తీసేయండి చాలు. అయితే వీధి మొత్తం వేపలే నాటవద్దు. ఒకే తెగులుకు వీధంతా బోసిపోకుండా మూడు నాలుగు రకాలు కలపండి.

30 అడుగుల రోడ్డుకు నన్నడిగితే మొదటి పేరు పొగడ. నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. కానీ గుబురుగా నీడ, సువాసన పూలు, ఏడాది పొడవునా ఆకు, గాలికి విరగని కొమ్మ. తర్వాత రేల. ఎండాకాలంలో పసుపు గుత్తులు వేలాడుతుంటే వీధికే అందం వస్తుంది.

తీగల కింద దేవకాంచనం, పారిజాతం, పసుపుపూల టెకోమా. పచ్చగన్నేరు మాత్రం పిల్లలు తిరిగే వీధిలో వద్దు, దాని కాయలు విషం.

వద్దనేవి కూడా చెప్పాలి. తురాయి, పచ్చతురాయి పూలు చూడముచ్చటగా ఉంటాయి కానీ కొమ్మలు పెళుసు. ఏప్రిల్, మే ఈదురుగాలులకు కార్ల మీద పడేవి ఎక్కువగా ఇవే. మైదానానికి సరే, ఇరుకు వీధికి కాదు. నిద్రగన్నేరు, రావి, మర్రి మహావృక్షాలు, వాటికి పార్కు, చెరువు గట్టు, గుడి ఆవరణ కావాలి. ఏడాకులపాల చలికాలం ముందు పూసి, ఆ ఘాటైన వాసనతో ఉబ్బసం ఉన్నవాళ్లను ఇబ్బంది పెడుతుంది. కోనోకార్పస్ హరితహారంలో విరివిగా నాటి, తర్వాత ప్రభుత్వమే వద్దన్న మొక్క. మూడేళ్లలో పచ్చగా గోడలా పెరుగుతుందని నర్సరీవాళ్లు చెప్పినా తీసుకోకండి. నేరేడు మంచి చెట్టే, అయితే పండ్లు రాలే కాలంలో కింద బండి నిలిపేవాళ్లతో రోజూ గొడవ. పార్కులో పెట్టండి.

3. నర్సరీలో ఏం చూడాలి

ఆకులు నిగనిగలాడుతున్నాయా అని చూస్తారు అందరూ. చూడవలసింది వేరు. సంచి అడుగు నుంచి లావు వేరు బయటికి వచ్చి నేలలోకి దిగి ఉంటే ఆ మొక్కను లాగినప్పుడే అసలు వేరు తెగిపోతుంది. సంచి పైమట్టిని వేలితో కదిపి చూడండి. కాండం చుట్టూ వేరు పాములా చుట్టుకుని ఉంటే వదిలేయండి, ఆ చుట్టే పదేళ్ల తర్వాత చెట్టు మెడకు ఉరి అవుతుంది. కర్ర విప్పితే మొక్క వంగిపోకుండా నిలబడాలి. ఒకే నిటారు కాండం ఉండాలి. మొదట్లోనే రెండుగా చీలినది పెద్దయ్యాక గాలికి ఆ చీలిక దగ్గరే విరుగుతుంది.

4. గుంత

మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే వేర్లు పక్కలకే ఎక్కువ పాకుతాయి.

హైదరాబాద్ వీధిలో తవ్వితే ముందు వచ్చేది మట్టి కాదు: ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు, గట్టిపడిన సిమెంటు, థర్మకోల్. ఇల్లు కట్టినప్పుడు పోసిందంతా అక్కడే ఉంటుంది. అదంతా ఏరేయండి. దాని కింద మొరం తగులుతుంది. గుంత గోడలను నున్నగా వదలకుండా గడ్డపారతో అక్కడక్కడ పొడిచి పగుళ్లు చేయండి, వేరు ఆ పగుళ్లలోకి దూరుతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు అడుగున్నరకే బండ తగలవచ్చు. బండను పగలగొట్టించకండి. పక్కకు జరిగి చూడండి, లేదా గుంతను నాలుగైదడుగుల వెడల్పు చేసి చిన్నరకం చెట్టు నాటండి. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కొత్త లేఅవుట్లలో నల్లరేగడి ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి, అక్కడ మొక్కను నేలకు మూడు అంగుళాలు ఎత్తులో పెట్టాలి.

ఒక పరీక్ష. గుంత నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. మర్నాటి ఉదయానికి కూడా నీళ్లు నిలిచే ఉంటే అక్కడ వేరు కుళ్లుతుంది. అడుగున ఇంకో అడుగు సన్నగా తవ్వి కంకర నింపి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ ఇంకకపోతే చోటు మార్చండి.

గుంతలో నింపే మట్టి విషయంలో ప్రేమ ఎక్కువైతే ప్రమాదం. తవ్విన మట్టి అంతా పారేసి ఎర్రమట్టి, ఎరువు నింపితే వేరు ఆ మెత్తని గుంత దాటి బయటికి పోదు. తవ్విన మట్టిలో రాళ్లు ఏరి సగానికి తగ్గకుండా అదే వాడండి. మిగతా దానిలో మూడొంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఎరువు, చెదలు రాకుండా వేపపిండి. పచ్చి పేడ వేయకండి, వేడికి వేర్లు మాడతాయి, చెదలూ చేరతాయి.

5. నాటడం

సాయంత్రం పూట గానీ మబ్బు పట్టిన రోజున గానీ. నాటే ముందు సంచిని బాగా తడపండి.

సంచిని బ్లేడుతో నిలువునా చీల్చి పూర్తిగా తీసేయాలి. అడుగు మాత్రమే కోసి సంచితో పాటే పాతేస్తే నాలుగైదేళ్లకు గాలికి వేర్లతో సహా ఊడిపోతుంది. కూలికి వచ్చినవాళ్లు తొందరలో చేసే పని ఇదే, కాబట్టి దగ్గరుండి చూడండి. తీసిన సంచులు లెక్కపెట్టుకోండి: ఎన్ని మొక్కలో అన్ని సంచులు మీ చేతికి రావాలి.

కాండం, వేరు కలిసే చోటు కొద్దిగా లావుగా కనిపిస్తుంది. అది నేలమట్టానికి ఉండాలి. గట్టిగా నిలబడుతుందని అడుగు లోతుకు పాతేస్తే బెరడు కుళ్లుతుంది. వచ్చేది ఒక్క రోజులో కాదు, రెండేళ్లకు. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

మట్టిని మూడు విడతలుగా నింపుతూ, ప్రతి విడతకూ నీళ్లు పోసి కుదురుకోనివ్వండి. బూటు కాలితో తొక్కి గట్టిపరచకండి. చుట్టూ మూడడుగుల వ్యాసంతో, నాలుగంగుళాల ఎత్తు గట్టుతో పాదు చేయండి. కార్లు కడిగే సబ్బునీళ్లు వచ్చే వైపు ఆ గట్టు ఇంకొంచెం ఎత్తుండాలి. పాదు మీద మూడంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి.

6. ఊతకర్ర, గార్డు

కర్రలు రెండూ మొక్కకు అటూ ఇటూ అడుగు దూరంలో, వేరుముద్దకు తగలకుండా దిగ్గొట్టండి. పేలికను ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. గాలికి మొక్క కాస్త ఊగాలి, ఊగితేనే కాండం లావెక్కుతుంది. బిర్రుగా కడితే ఎప్పటికీ ఊతం మీదే బతుకుతుంది. ఏడాదికి కర్రలు తీసేయండి.

ట్రీ గార్డు రెండడుగుల వ్యాసం ఉండాలి. సన్నవి కొంటే చవకే, కానీ మూడేళ్లకు కొమ్మలు అందులో ఇరుక్కుంటాయి. ఇనుప గార్డుకు డబ్బు లేకపోతే నాలుగు వెదురు కర్రలకు తుమ్మకంప చుట్టినా పశువులు రావు. నడిచేవాళ్ల వైపు ముళ్లు రాకుండా చూడండి. గార్డు మీద దాతల పేర్ల రేకు బిగించేవాళ్లు కాండానికి తగలకుండా బిగించండి.

7. నీళ్లు

ఎక్కువ మొక్కలు చచ్చేది ఇక్కడే. రోజూ ఒక చెంబు పోసేవాళ్లు, నెలకోసారి ట్యాంకరుతో ముంచెత్తేవాళ్లు, ఇద్దరూ మొక్కకు చెడే చేస్తారు. చెంబు నీళ్లకు పైన రెండంగుళాలే తడుస్తుంది, వేర్లు అక్కడే తిరుగుతాయి, మే నెల ఎండకు ఆ రెండంగుళాలే మొదట కాలిపోతాయి. తక్కువసార్లు, ఎక్కువ నీళ్లు, నెమ్మదిగా పోయాలి.

నాటిన మొదటి నెల వాన లేని రోజుల్లో రోజు విడిచి రోజు పదిహేను లీటర్లు. అక్టోబరు నుంచి జనవరి దాకా వారానికి రెండుసార్లు ఇరవై. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా రెండు రోజులకోసారి ఇరవై, రోహిణి కార్తెలో మరీ వడగాలి ఉంటే ముప్పై. రెండో ఏడు వేసవిలో వారానికి రెండుసార్లు నలభై లీటర్లు, చలికాలంలో పది రోజులకోసారి చాలు. మూడో ఏడు వేసవిలో పదిహేను రోజులకోసారి అరవై.

పాత మంచినీళ్ల క్యాను అడుగున వేడిచేసిన మేకుతో సన్నటి బెజ్జం పెట్టి, పాదులో కాండానికి అడుగు దూరంలో నిలబెట్టి నింపండి. గంటా రెండు గంటల్లో ఇరవై లీటర్లూ బొట్టుబొట్టుగా ఇంకుతాయి, రోడ్డు మీదికి ఒక్క చుక్క పారదు. మొక్క పెరిగేకొద్దీ క్యానును కాండానికి దూరం జరుపుతూ పోవాలి. వేరు నీటిని వెతుక్కుంటూ బయటికి వస్తుంది.

నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో మంచినీళ్లు పోయడానికి మనసొప్పదు. ఏసీ నుంచి కారే నీళ్లు, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు నిస్సంకోచంగా పోయవచ్చు. నీళ్లు శుద్ధి చేసే యంత్రం వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువ, రోజూ అవే పోస్తే ఆకు అంచులు మాడతాయి. వేరే నీళ్లతో సగం సగం కలిపి అప్పుడప్పుడు వాడండి. వాషింగ్ మెషీన్ నీళ్లు వద్దు.

నీళ్లు చాలాయో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లు పోసిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవరు పాదులో గుచ్చండి. ఆరంగుళాలు సులువుగా దిగి, తీస్తే తడిమట్టి అంటుకుంటే సరిపోయినట్లే. ఇంకో గుర్తు ఉదయం ఆరింటికి ఆకు. మధ్యాహ్నం ఆకు వాలడం ఎండకు సహజం. తెల్లవారుజామున కూడా వాలి ఉంటే దాహం వేస్తోందని. ఆకులు పసుపురంగుకు మారి మెత్తగా రాలుతూ, మట్టి కుళ్లు వాసన కొడుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి, వారం ఆపండి.

8. కొమ్మలు దిద్దడం

మొదటి ఏడు ఏమీ కోయకండి, ఎండినవి తప్ప. రెండో ఏడు నుంచి, పైకి వెళ్లే కాండం ఒక్కటే ఉండేలా, పోటీ పడే రెండో కొమ్మను చిన్నప్పుడే తీసేయండి. వేలి లావు కొమ్మ కోస్తే గాయం త్వరగా మానుతుంది, తొడ లావు కొమ్మ కోస్తే మానదు. నడిచేవాళ్ల తల తగలని ఎత్తు, అంటే ఏడెనిమిది అడుగుల దాకా కింది కొమ్మలను ఏడాదికి రెండు మూడు చొప్పున తీయండి, ఒకేసారి అన్నీ కాదు. ఎత్తులో సగానికి పైగా ఎప్పుడూ కొమ్మలుండాలి.

కొమ్మ కాండంలో కలిసే చోట ఉంగరంలా ఒక ఉబ్బు ఉంటుంది. దాన్ని వదిలి దాని బయట కోయాలి. పెద్ద కొమ్మయితే ముందు కింది నుంచి ఒక గాటు, తర్వాత కాస్త దూరంగా పై నుంచి కోత, బరువు దిగాక చివరగా మొదలు దగ్గర కోత. ఇలా చేస్తే బెరడు కిందికి చీలిపోదు. గాయానికి తారు, పెయింటు పూయవద్దు. గాలికి వదిలేస్తే చెట్టే మూసుకుంటుంది.

తీగలకు తగిలే కొమ్మ జోలికి మీరు వెళ్లకండి. చెట్టు తడిగా ఉంటే దానిలోంచి కరెంటు వస్తుంది. విద్యుత్ శాఖ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి. వానలకు ముందు వాళ్లు కొమ్మలు కొట్టడానికి వచ్చిన రోజున ఒకరు బయట నిలబడి, తల నరికేయకుండా తీగ వైపు కొమ్మను మాత్రం అది మొదలైన చోటికి కోయమని అడగండి. తలకొట్టిన చెట్టుకు గుబురుగా వచ్చే కొత్త కొమ్మలు బలహీనంగా అతుక్కుని ఉంటాయి, ఏడాదికే మళ్లీ తీగలను తాకుతాయి. ఈ మాట చెప్తే లైన్‌మన్‌లు వింటారు, వాళ్లకూ పని తగ్గుతుంది.

9. మొదలు దగ్గర మట్టి మిగలాలి

ఈ ఒక్కటి మాత్రం అందరూ చదవాలి. సీసీ రోడ్డు వేసేటప్పుడు, కొత్త ఇంటి ముందు ర్యాంపు కట్టేటప్పుడు, సిమెంటును కాండానికి ఆనించి పోసేస్తారు. ఆ రోజు నుంచి వానచుక్క లోపలికి దిగదు, వేరుకు గాలి అందదు. కాండం లావెక్కుతూ సిమెంటు అంచుకు ఒరుసుకుని బెరడు చిట్లుతుంది. ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే మొదలు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మన వీధికీ అదే కొలత పెట్టుకోండి.

రోడ్డు పని మొదలయ్యే ముందు రోజు సాయంత్రమే చెట్టు చుట్టూ మీటరు దూరంలో ఇటుకలు పేర్చి హద్దు చూపండి. పని చేసేవాళ్లకు నోటితో చెప్పిన హద్దు గుర్తుండదు, కంటికి కనబడే హద్దు గుర్తుంటుంది. ఇప్పటికే సిమెంటు పోసి ఉంటే, వార్డు కార్యాలయానికి చెప్పి, చేతి సుత్తి, ఉలితో పగలగొట్టించండి. యంత్రపు సుత్తి వాడితే వేర్లు నలుగుతాయి. బయటపడ్డ నేలను రెండంగుళాలు పైపైన వదులు చేసి ఎండుటాకులు పరచండి. జాగా ఇచ్చే ఉద్దేశం లేని ఇంటివాళ్లతో, కనీసం రాళ్ల మధ్య సందులున్న పేవర్ బ్లాకులు ఇసుక మీద పరిపించమని ఒప్పించండి, కింద సిమెంటు లేకుండా.

పెద్ద చెట్లకు పొంచి ఉన్న ఇతర ప్రమాదాలు

కాలువలు, కేబుళ్ల కోసం తవ్వకం. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పైన రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటుంది, కొమ్మల అంచును దాటి పాకుతుంది. కాండానికి ఆరడుగుల లోపల జేసీబీ రాకుండా చూడండి. తప్పనిసరైతే చేత్తో తవ్వి, వేరు కింది నుంచి పైపు దూర్చవచ్చు. మణికట్టు కంటే లావు వేరు తెంచవద్దు. తెగిన చిన్న వేర్లను రంపంతో శుభ్రంగా కోసి, ఆ రోజే మట్టి కప్పి నీళ్లు పోయండి. ఒక పక్క వేర్లన్నీ తెగిన చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, తర్వాతి మే నెల గాలికి ఆ పక్కకో ఎదురు పక్కకో కూలుతుంది. అందుకే తవ్వకం జరిగిన ఏడాది చెట్టు వంపు మారుతోందా, మొదట్లో నేల పగులుతోందా అని నెలకోసారి చూడండి. పగిలితే వెంటనే కార్పొరేషన్ జీవవైవిధ్య విభాగానికి తెలియజేయండి.

చెత్త తగలబెట్టడం. ఊడ్చిన ఆకులు అదే చెట్టు మొదట్లో పోగేసి అంటిస్తారు. బెరడు కింద పలుచని పొరలోనే చెట్టు ఆహారం ప్రయాణిస్తుంది, అది మాడితే చెట్టు మెల్లగా చస్తుంది. ఆకులను పాదులకే వాడుకోండి.

మేకులు. "ఇల్లు అద్దెకు" బోర్డులు, ట్యూషన్ బోర్డులు. కనబడిన వెంటనే పీకేయండి. దీపావళికి చుట్టిన లైట్ల తీగ పండగ వెళ్లాక మరిచిపోవద్దు. ఇసుక, కంకర కుప్పలు మొదట్లో వారాల తరబడి ఉండనివ్వకండి.

బదనిక. పాత చెట్ల మీద వేరే రకం ఆకుల గుబురు కనిపిస్తే అది పరాన్నజీవి. అతుక్కున్న చోటుకు అడుగు కిందికి కొమ్మతో సహా తీయించాలి.

నరికివేత. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు నరకకూడదు, అది మీ సొంత ఆవరణలో ఉన్నా సరే. ఎవరైనా నరుకుతుంటే ముందు అనుమతి పత్రం చూపమని మర్యాదగా అడగండి, ఫోటో తీయండి, కార్పొరేషన్‌కూ అటవీ శాఖకూ ఫోను చేయండి. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఇవి ఎక్కువ జరుగుతాయి, కాబట్టి ఆ నంబర్లు ముందే దగ్గర ఉంచుకోండి.

బతికిందా లేదా, ఎలా చూడాలి

ఆకు రాలిందని మొక్కను పీకేయకండి. వేప, కానుగ జనవరి నుంచి మార్చి మధ్య ఆకు రాల్చడం సహజం. కాండం మీద గోటితో చిన్నగా గీరండి. కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి వచ్చి గీరండి. నేలకు అడుగు ఎత్తులో పచ్చదనం ఉన్నా అక్కడిదాకా కోసి నీళ్లు పోస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఏడాది నిండాక కర్రలు విప్పి కాండాన్ని భుజం ఎత్తున పట్టుకుని మెల్లగా ఊపండి. కాండం వంగాలి, మొదలు దగ్గర మట్టి కదలకూడదు. కదిలితే ఇంకో ఆరు నెలలు ఊతం ఉంచి, నీళ్లు కాండానికి దూరంగా పోయడం మొదలుపెట్టండి.

మూడో వేసవిలో రోహిణి కార్తెకు ముందు ఒక విడత నీళ్లు ఆపి చూడండి. తెల్లవారుజామున ఆకు నిటారుగా ఉంటే ఇక దానికి మన క్యాను అక్కరలేదు. అప్పుడు గార్డు తీసేయండి. అది ఎక్కడైనా బెరడులో దిగబడి ఉంటే లాగకండి, కటింగ్ ప్లేయరుతో రెండు పక్కలా కోసి, లోపలికి పోయిన ముక్కను అక్కడే వదిలేయండి.